తోడేళ్ల విలేవారి

మా ఆయనతో కాపురం చేయడం పెద్ద కష్టమేమీ కాదు, దఫ్తరు భాష వస్తే చాలు. పప్పులో ఉప్పు తక్కువైతే మిగతా మగవాళ్లు కంచం జరుపుతారు, అరుస్తారు. మా జ్ఞానేశ్వర్ ఒక ముద్ద తిని, కాసేపు గోడవైపు చూసి, "ఉప్పు సంగతి ఒకసారి చూడవలసి ఉన్నది" అంటాడు. ఎవరు చూడాలి, ఎప్పటిలోగా చూడాలి అని పెళ్లైన కొత్తలో అడిగేదాన్ని. తర్వాత ఉప్పు డబ్బా ఆయన ముందే పెట్టేసి ఊరుకున్నాను. దఫ్తరులో పాడైన కాగితాలన్నీ ఇంటికి మోసుకొచ్చేవాడు, ఒకవైపు ఖాళీగా ఉంటాయి కదా అని. మా ఇంట్లో చాకలి పద్దు నుంచి పచ్చడి కొలతల దాకా అన్నీ సర్కారు కాగితాల వీపుమీదే రాసుకున్నాం.

మా అత్త కాశీబాయి మాత్రం కొడుకును వెనకేసుకొచ్చేది. "వాడు పుట్టంగనే ఏడ్వలే, విమలా. మంత్రసాని రెండు దెబ్బలేస్తె, అటు ఇటు చూసి, ఇగ తప్పదన్నట్టు ఏడ్సిండు" అనేది. అదే వెనకేసుకురావడం.

నేను చెప్పేది డెబ్భై మూడు ఎండాకాలం సంగతి. మా రాష్ట్రం పేరు ఇంకా మైసూరే, కర్ణాటక అని మార్చింది ఆ కార్తీకంలో. అంతకుముందు ఏడాది వానల్లేవు. బీదరు బావులన్నీ అడుగంటాయి. కోట వెనక ఎర్రరాతి లోయల్లో తమ బతుకు తాము బతికే తోడేళ్లు ఊరి అంచుదాకా రావడం మొదలుపెట్టాయి. మొదట ఆస్పత్రి వెనక ఒక మేక పోయింది. తర్వాత ఒక లేగదూడ. ఆ తర్వాత ఒక పిల్ల పోయిందని ఊరంతా తలుపులు వేసుకుంది. ఆ పిల్ల దుబల్గుండిలో మేనత్త ఇంట్లో మామిడికాయ తింటూ దొరికింది. అయితే పోయిన వార్త తిరిగినంత వేగంగా దొరికిన వార్త తిరగలేదు.

అప్పుడు మా ఆయన దఫ్తరులో ఒక పథకం పుట్టింది. దఫ్తరు పేరెందుకు గానీ, పథకం పేరు చెబుతాను. నగర క్రూరమృగ నివారణ మరియు వన్యజీవి సంరక్షణ పథకం. ఊరివాళ్లేమో తోడేళ్లను చంపమంటారు. ఢిల్లీ నుంచేమో అడవి జంతువులను చంపరాదని కొత్త చట్టం వచ్చింది. అందుకని పేరులో మొదటి సగం ఊరికి, రెండో సగం ఢిల్లీకి. మా ఆయన ఆ రెంటికీ మధ్యనున్న 'మరియు'కు గుమాస్తా.

ఇనుప బోను ఒకటి చేయించారు. మొదటిరోజు అందులో గాడిదపిల్ల పడింది. రెండోరోజు ఒక ఊరకుక్క పడింది. దానికి ఆ ఏర్పాటు ఎంత నచ్చిందంటే, రోజూ పొద్దున వచ్చి, లోపలి మాంసం తిని, ఎవరో ఒకరు తలుపు తీసేదాకా హాయిగా పడుకునేది. సంరక్షణ దానికి బాగానే జరిగింది. తోడేళ్లు మాత్రం బోను చుట్టూ తిరిగి అడుగులు విడిచి పోయేవి.

"గవి ఎక్కడున్నదో తెలిస్తె పని జల్దీ అయిపోతది" అన్నాడు ఒకరోజు మా ఆయన. గవి అంటే గుహ. "కోట ఎనక గొర్రెలోళ్లకు ఎరికుంటది. చెప్పరు."

చెప్పరని నాకూ తెలుసు. ఆ ఏడాది పక్కనున్న కమఠాణ ఊళ్లో గడ్డిపోచ లేక గొర్రెలకాపరి దుర్గప్ప తన మందను తెచ్చి కోట వెనక దించాడు. అతని భార్య భీమవ్వ రెండురోజులకోసారి మా ఇంటికి మేకపాలు తెచ్చేది. పాలు పోసి, అరుగుమీద కూర్చుని, లోకం సంగతులన్నీ చెప్పి, హళ్ళిఖేడ్‌లో ఉన్న కూతురికి నాతో ఉత్తరం రాయించుకుని పోయేది. వాళ్లు తోడేలును పేరుపెట్టి పిలవరు, 'మామ' అంటారు. ఏడాదికి రెండు మూడు గొర్రెలు మామకు పోయేవేనని ముందే అనుకుంటారు. పిల్లలున్న గవి చూపించి చంపించినవాడి చేతి భండారం తమ దేవుడు బీరప్ప ముట్టడని వాళ్ల నమ్మకం. భండారమంటే పసుపు. కమఠాణ బీరప్ప జాతరలో మొదటి పిడికెడు చల్లేది తాతల కాలం నుంచి దుర్గప్ప ఇంటివాళ్లే. దుర్గప్పకు మంద కంటే ఆ పిడికెడే పెద్ద ఆస్తి.

ఆ వారమే, రాత్రి అన్నాల దగ్గర, మా ఆయన ఉన్నట్టుండి అడిగాడు.

"విమలా, విలేవారి అంటె నీకేమర్థమైతది?"

"గదేంది, గంత తెల్వదా? ఏ కట్ట కాయితాలు ఆ కట్టల పెట్టుడు. తహసీల్ కచేరీల మా నాయిన రోజూ సాయంత్రం చేస్తుండె."

"అంతేనా?"

"ఎక్కడియి అక్కడ పెట్టుడు. ఇంకేముంటది?"

"ఏం లేదు. ఊకెనే అడిగిన" అన్నాడు.

కొలువు కోసం రాయవలసిన కన్నడ పరీక్ష ఆయన్ను గట్టెక్కించింది నేనే. కన్నడ అక్షరం మన అక్షరానికి తోబుట్టువు, తలకట్టు కాస్త వేరు, అంతే. హైదరాబాదులో బి.ఏ. చదివినదాన్ని, పదిరోజుల్లో గడగడా చదివేశాను. దఫ్తరులో పదిమందితో కన్నడ మాట్లాడేది ఆయన, ఇంట్లో కూర్చుని తప్పుల్లేకుండా చదివేది నేను. అలాంటి మనిషి నన్ను ఒక మాటకు అర్థమడిగాడని ఆ పూటంతా నాకు సంబరంగా ఉంది. అడక్కపోయినా ఇంకో గరిటె చారు పోశాను.

మూడోరోజు భీమవ్వ వచ్చినప్పుడు మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. దుర్గప్పను కూడా పిలిపించమన్నాడు. దుర్గప్ప వచ్చి, భుజంమీది గొంగడి మడిచి కిందవేసుకుని, అరుగు కింద కూర్చున్నాడు. మా ఆయన జేబులోంచి టైపు చేసిన ఉత్తర్వు కాగితం తీసి, "గవి చూపిచ్చెటోళ్లు దీని మీద వేలు వేయవలసి ఉన్నది" అన్నాడు.

"అయ్య సదివితె మేం ఇనం" అంది భీమవ్వ. "అయ్య నోట్లకెళ్లి ఏమొస్తదో మాకెట్ల తెలుస్తది? విమలమ్మను సదవమను."

"నా కొడుకును మంచిగనే గుర్తువట్టినవ్" అని లోపలినుంచి మా అత్త నవ్వింది.

మా ఆయన కాగితం నాకిచ్చాడు. గడపలో నిలబడి బొటనవేలి గోరు చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను కన్నడలో ఒకసారి చదివాను. 'తోళగళన్ను హిడిదు, సూక్త రీతియల్లి విలేవారి మాడతక్కద్దు.' తర్వాత తెలుగులో చెప్పాను.

"తోళ అంటె మీ మామ. మామలను పట్టుకొని, మంచిగ, వాటి జాగల వాటిని పెట్టాలె అని రాసిన్రు."

"సంపరు గదా?" అన్నాడు దుర్గప్ప. మా ఇంట్లో అతని గొంతు వినడం నాకదే మొదలు.

"చంపాలె అని ఇందుల ఎక్కడ లేదు."

"యాడ పెడతరు?"

నేను మా ఆయనవైపు చూశాను. "చించోళి అడవి మంచిగుంటది" అన్నాడాయన, గోరు మీంచి చూపు తీయకుండా.

భీమవ్వ నావైపు తిరిగింది. "ఎన్నేండ్లు సదివినవమ్మా నువ్వు?"

"పద్నాలుగు."

"పద్నాలుగేండ్లు సదివినామె సెప్తాంది. ఇగ నువ్వు ఎయ్యి" అంది మొగుడితో.

దుర్గప్ప బొటనవేలు సిరాలో ముంచి కాగితంమీద వేశాడు. వేలు గొంగడికి తుడుచుకుంటూ అన్నాడు, "పిల్లలు నాలుగున్నయి. కండ్లు తెరిసినయి. బోనుల గడ్డెయ్యమనుండ్రి. ఇనుము కాలుతది. గడ్డి నేనే కోసుకొస్త."

శుక్రవారం పదకొండు గంటలకు మా అత్త కూరగాయలకని చౌబారా వైపు వెళ్లి, ఖాళీ సంచితో తిరిగొచ్చింది. సంచి గోడకు తగిలించి, నావైపు చూడకుండానే, "చించోళి గింత దగ్గరనా, విమలా?" అంది. "వాళ్ల దఫ్తర్ మెట్లకాడనే ఉన్నది, పోయి చూడు."

చెప్పులు వేసుకుని వెళ్లాను. మెట్లమీద గోనెపట్టా పరిచి ఉంది. దానిమీద రెండు పెద్దవి, నాలుగు చిన్నవి. గవికి పొగపెట్టి, బయటికొచ్చినవాటిని వచ్చినట్టు కర్రలతో కొట్టారట. చిన్నవాటిమీద దెబ్బ కూడా కనిపించలేదు, నిద్రపోతున్నట్టున్నాయి. ఫోటో తీసేవాడు నల్లగుడ్డలో తల దూర్చాడు. ఆఫీసరు పై మెట్టుమీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. పట్టా పక్కనే, విప్పని గడ్డిమోపు ఒకటి గోడకు ఆనించి ఉంది. మా ఆయన గుంపులో ఉన్నాడు. నన్ను చూశాడు. ఒక అడుగు జరిగి, ముందున్న లావుపాటి మనిషి చాటుకు పోయాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగాను. "చించోళి అంటిరి గదా?"

"చించోళి తీస్కపోతరని నేనన్ననా? చించోళి అడవి మంచిగుంటదన్న. మంచిగనే ఉంటది."

"మరి కాయితం మీద రాసిందేంది, అయిందేంది?"

"దఫ్తర్ల ఏమేమో అయితయి, విమలా. పై నుంచి పెద్ద సాబ్ వస్తుండు. ఊళ్ల పిల్లలున్నరు. రేపు ఏమన్నయితె జవాబు ఎవరు చెప్పాలె?" తువ్వాలు కోసం చేయి చాచాడు.

ఇచ్చాను. కాగితంలో రాసింది ఒకటి, ఆఫీసరు చేయించింది ఒకటి అనుకున్నాను. పెద్దవాళ్లు హుకుం మారిస్తే చిన్న గుమాస్తా ఏం చేస్తాడు పాపం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు ఆయనమీద జాలి కూడా పడ్డాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

భీమవ్వ రాలేదు. ఒక వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. మా అత్త బజారు పాలు తెప్పించి, తాగి, "నీళ్లకు సున్నం వేసిన్రు" అని లోటా పక్కన పెట్టేది. నాకు ఆ మాట కూడా అనబుద్ధి కాలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం వచ్చింది. చేతిలో పాలచెంబు లేదు. అరుగు ఎక్కలేదు. వీధిలో, ఎండలోనే నిలబడింది.

"లోపలికి రా, భీమవ్వా."

"రాను. పాలు బందైనయని సెప్పిపోదామని వచ్చిన. మంద కమఠాణకు మర్లింది. ఆడ గడ్డి లేకున్నా మంచిదే."

"దుర్గప్ప ఎట్లున్నడు?"

"ఉన్నడు. భండారం గుంజుకున్నరు." ఆమె గొంతులో ఏడుపు లేదు. "వచ్చే జాతరకు పిడికెడు మొగులప్ప ఇంటోళ్లకట. మావోడు గవి అమ్ముకున్నడన్నరు. మామ పిల్లల్ని సర్కారుకు అమ్ముకున్నడన్నరు."

"నేను కాయితంల ఉన్నది ఉన్నట్టే చదివిన, భీమవ్వా. నీ మీద ఒట్టు."

"అదే సెప్పిన పెద్దమనుషులకు. విమలమ్మ అబద్ధం సదవదన్న. అయితె కాయితం సంగతి దుర్గప్పకు ముందే ఎరికన్నట్టే గదా, అన్నరు. ఎరికుండే ఏలేసిండన్నట్టే గదా, అన్నరు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు నిజం సెప్పినవంటె మావోడు దొంగ. మావోడు మంచోడంటె నువ్వు అబద్ధం. నేనేం సెప్పాలెనమ్మా?"

మంచినీళ్లయినా తాగి పొమ్మన్నాను. తాగకుండానే వెళ్లింది.

తర్వాతి సోమవారం చాకలి సక్కుబాయి వచ్చింది. పద్దు రాయడానికి ఆయన తెచ్చిన కాగితాల బొత్తిలోంచి ఒకటి లాగి, 'ధోతులు నాలుగు, చీరలు ఆరు, దుప్పటి ఒకటి' అని రాశాను. వెనకవైపు సిరా ముందుకు ఊరి నా అక్షరాలకు అడ్డం పడుతోంది. ఏముందా అని తిప్పి చూశాను.

ఆయన చేతిరాత. కన్నడ. ఆ ఉత్తర్వుకు మొదటి చిత్తు. 'తోళగళన్ను హిడిదు నాశ మాడతక్కద్దు' అని ఉంది. 'నాశ' కొట్టేసి, పైన 'నిర్మూల' అని రాశాడు. అదీ కొట్టేశాడు. దానిపైన, కాస్త జాగా చేసుకుని, గుండ్రంగా, 'విలేవారి'. కింద తేదీ. అన్నాల దగ్గర నన్ను అర్థం అడిగిన రోజుది.

వదిలించుకోవడాన్ని, అవతల పారేయడాన్ని ఈ కొత్త దఫ్తర్లలో విలేవారి అంటారని ఆ కొట్టివేతలు చూశాకే నాకు తెలిసింది. ఆయనకు తెలుసు. నాకు తెలియదని కూడా ఆ పూట నా నోటితోనే తెలుసుకున్నాడు. నా పెళ్లిచీర కూడా అంత ఓపికగా ఏరలేదు మనిషి.

"దుప్పట్లు రెండమ్మా, ఒకటే రాసినవ్" అంది సక్కుబాయి.

దిద్దాను.

ఆయనను ఏమీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడు, దానికి రెండు అర్థాలుండేవి. చాకలి మూట తిరిగొచ్చాక ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి నా పెట్టెలో దాచుకున్నాను. వంట మామూలుగానే చేశాను. ఉప్పు కూడా సరిగ్గానే పడింది.

రోహిణి కార్తెలో ఒక పొద్దున ఆయనే కదిపాడు. "కమఠాణకు పోవలసి ఉన్నది. పథకం ముగిసినట్టు కాయితం పంపాలె. దుర్గప్ప అంగూఠా ముద్ర ఇంకొకటి కావాలె. నేనొక్కణ్ణి పోతె వాళ్లు దగ్గరికి రానియ్యరు. నువ్వొస్తె..."

"వస్త."

"చదివి చెప్తవా?"

"ఎట్లుంటె అట్ల చదివి చెప్త."

ఆయన ముఖం విప్పారింది. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. దారిలో రెండు మామిడిపళ్లు కొని, పెద్దది నా చేతిలో పెట్టాడు.

ఈరయ్య అని వాళ్ల కులపెద్ద. అతని ఇంటిముందు పందిట్లో ఆరేడుగురు గొంగళ్లు పరుచుకుని కూర్చున్నారు. దుర్గప్ప ఒక చివర, ఎవరి గొంగడికీ తగలకుండా, వట్టి నేలమీద కూర్చున్నాడు. భీమవ్వ గోడవారగా నిలబడింది. నన్ను చూసి తల తిప్పుకుంది.

కాగితం విప్పి కన్నడలో చదివాను. తర్వాత తెలుగు చెప్పాను. "దుర్గప్ప తన ఇష్టంతోని గవి చూపిచ్చిండు, తోడేళ్ల విలేవారికి ఒప్పుకున్నడు, అని రాసి ఉన్నది."

మా ఆయన సిరాబుడ్డి మూత తీశాడు.

"ఆగుండ్రి" అన్నాను. "ఈ మాట పోయినసారి కాయితంల గూడ ఉండె. వాటి జాగల వాటిని పెట్టుడని దుర్గప్పకు నేను చెప్పిన. మా నాయిన దగ్గర నేను నేర్సుకున్న అర్థం అది. దఫ్తర్ల అర్థం అది కాదు. దఫ్తర్ల విలేవారి అంటె పీడ వదిలించుకునుడు. చంపుడు. పద్నాలుగేండ్లు చదివి తప్పు చెప్పిన. దుర్గప్ప నా మాట నమ్మి వేలేసిండు."

మా ఆయన చేయి సిరాబుడ్డి మీదే ఆగిపోయింది.

"నాకు తెల్వక చెప్పిన. రాసినోళ్లకు తెలుసు" అని, సంచిలోంచి ఆ మడత కాగితం తీసి ఈరయ్య ముందు పెట్టాను. ఈరయ్యకు తెలుగు అక్షరాలు వచ్చు. కళ్లకు దూరంగా పట్టుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. "ధో-తు-లు నాలుగు... చీరలు ఆరు..."

"అది కాదు, ఎనకకు తిప్పు" అన్నాను. వెనకాల ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

తిప్పాడు. ఏ మాట కొట్టేసి ఏ మాట రాశారో వేలుపెట్టి చదివి, అర్థం చెప్పాను. ఈరయ్య ఆ మూడు మాటలమీదా వేలు పెట్టి, ఒక్కొక్కదాని దగ్గరా ఆగాడు. తర్వాత తలెత్తాడు.

"ఇది నీ రాతేనా, జ్ఞానేశ్వరయ్యా?"

"ఊళ్ల పిల్లలున్నరు, ఈరయ్యా" అన్నాడు మా ఆయన. "తోడేళ్లు గల్లీల్లకు వస్తున్నయి. రేపు ఎవరి పిల్లనన్న..."

"పిల్లల సంగతి నేనడుగలే. ఈ మాట సంగతి అడిగిన. మావోడు ఏలేసిన నాడు ఈ మాటకు అర్థం నీకెరికేనా?"

ఆయన నావైపు చూశాడు. సగంలో వదిలేసిన ఆయన మాటలన్నీ పన్నెండేళ్లుగా పూర్తిచేస్తున్నది నేనే. ఈసారి నేను పందిరి గుంజవైపు చూస్తూ కూర్చున్నాను. గుంజకు కట్టేసిన గొర్రెపిల్ల ఒకటి తాడు నములుతోంది.

ఆయన సిరాబుడ్డికి మూతపెట్టి పక్కన పెట్టాడు. కూర్చున్న జాగా నుంచి లేచాడు. ఈరయ్యకు కాదు, నాకు కాదు, వట్టి నేలమీద కూర్చున్న దుర్గప్పకు ఎదురుగా నిలబడ్డాడు.

"తోడేళ్లను చంపుడు తప్పో కాదో నాకిప్పటికి తెల్వదు" అన్నాడు. "ఆ మాటకు అర్థం నీకు తెల్వదు, దుర్గప్పా. ఈమెకు తెల్వదు. నాకు తెలుసు. తెలిసే ఈమెతోని చదివిచ్చిన. తప్పు నాది."